పదిహేనో తూటా

కొబ్బరినూనె వెయ్యడంలో తప్పేముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు, మా రాయచోటిలో తలుపు బిగుసుకున్నా, తాళం తిరగకపోయినా, సైకిలు చైను కిర్రుమన్నా కొబ్బరినూనే కదా, నిన్న సాయంత్రం ఈ కొత్త పిస్తోలుకు తూటాలు కూరే మ్యాగజీన్లలో స్ప్రింగులు మొండికేస్తుంటే తలకు రాసుకునే నూనె రెండు చుక్కలు వేశాను, సరే, రెండు కాదు, నాలుగైదు, పొద్దున వచ్చి చూస్తే ఖతార్‌లోని దుమ్మంతా పెళ్ళికొచ్చిన చుట్టంలా వాటిలో దిగి కూర్చుంది, ఫసీయుద్దీన్ సాబ్, ఈ షూటింగ్ రేంజికి సూపర్‌వైజరు, హైదరాబాదు మనిషి, ఒక మ్యాగజీను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, ఏందయ్యా మస్తానూ గిది, దీనికేమన్న జడేద్దామనుకున్నవా అన్నాడు, అందరూ నవ్వారు, నవ్వండి, ఐదో తరగతితో బడి మానేసినవాడు ఉన్నది నవ్వుకోడానికే కదా, ఆయన మాత్రం నవ్వు ఆపి గోడ గడియారం చూపించాడు, ఎనిమిదింబావు, తొమ్మిదింటికి ఇక్కడ గురి సాధన చేసే సబ్రీన్‌కు జట్టు ఎంపిక పోటీ, ఆరు మ్యాగజీన్లు, ఒక్కోదానికి పదిహేను తూటాలు, ఒక్కటి తగ్గినా ఒప్పుకోరు, తూటాలు నింపడానికి డబ్బాలో వచ్చిన ప్లాస్టిక్ ముక్క మొదటి మ్యాగజీనుకే పుటుక్కున విరిగింది, భాయ్, గివి నిండకపోతె ఆఫీసుల నీ గురించి ఇంక నేనేం చెప్పలేను, మళ్ల రాస్ లఫానే నీకు, అన్నాడు, మెల్లగానే అన్నాడు, మెల్లగా అన్నమాటే ఎక్కువ భయపెడుతుంది, రాస్ లఫాన్‌లో ఏడేళ్ళు గ్యాస్ ప్లాంట్లలో చేశాను నేను, తెల్లారకముందే బస్సు, ఎండలో ఇనుప గొట్టాలు మోసీ మోసీ మోకాళ్ళు మూలిగేవి, ఈ ఏసీ గదిలో ఈ బల్ల ముందు స్టూలు దొరికి నాలుగు నెలలే అయింది, నాకు దొరికిన ఏ మంచి సంగతైనా నాలుగు నెలలకు మించి ఉందా ఎప్పుడైనా.

ఆరింటినీ విప్పి గుడ్డతో తుడిచి మళ్ళీ బిగించాను, ఇక నింపడం, పది తూటాలు మర్యాదగా దిగుతాయి, పదకొండోది అలుగుతుంది, పదమూడోదానికి స్ప్రింగు ఎదురు తిరుగుతుంది, పదిహేనోది దిగనే దిగదు, కేరళ ఇస్హాక్, మా అందరిలోకీ పెద్ద కండలవాడు, ఇటివ్వు భాయ్ అని లాక్కుని, జోర్ లగాకే, జోర్ లగాకే అని తనకు తానే చెప్పుకుంటూ నొక్కాడు, తూటా ఎగిరి గోడకు తగిలింది, వాడి వేలు నోట్లోకి వెళ్ళింది, సబ్రీన్ చూస్తూనే ఉంది, ఇరవై రెండేళ్ళ పిల్ల, నిన్న తనే నింపబోయి బొటనవేలు వాచి ప్లాస్టరు వేసుకుంది, ఇంకోసారి నొక్కితే గురి పెట్టేటప్పుడు ఆ చెయ్యి వణుకుతుంది, మూడేళ్ళ కష్టం ఆ వణుకులో పోతుంది, మస్తాన్, హాదా వాజిద్ ముష్కిల్ అంది, చాలా కష్టం ఇది అని, నా మీద కోపంగా కాదు, ఇద్దరం కలిసి ఒకే గుంతలో పడ్డట్టు అంది, నూనె సంగతికి నవ్వనిది కూడా ఆమె ఒక్కతే, అందుకని తీసుకున్నాను మళ్ళీ, ఎనిమిదిన్నర, పద్నాలుగు తూటాలున్న మ్యాగజీను ఎడమచేతిలో, పదిహేనోది కుడిచేతిలో, బలమంతా పెట్టాను, దిగలేదు, ఇంకా పెట్టాను, గోరు కింద నిప్పు రవ్వ పడ్డట్టయింది, సరే పోనీ, రాస్ లఫానే, రాసిపెట్టింది అదే అనుకుని చూపు గోడవైపు తిప్పేశాను, అలా తిప్పినప్పుడు వేళ్ళ మీద ధ్యాస పోయింది, ధ్యాస పోగానే బొటనవేలు తన ఇష్టానికి తాను కదిలింది, గోటి అంచుతో కింది తూటాను కాస్త అణిచింది, అణిచిన ఒత్తిడి వదలకుండానే పై తూటాను ముందునుంచి వెనక్కి జార్చింది, టిక్.

టిక్ అంది, పదిహేను, నేను చూడనేలేదు, ఇదెక్కడి కదలిక, ఇది నాకు తెలుసు, ఈ వేలికి తెలుసు, బీడీ మూతి మడవడం కదా ఇది, గోటితో ఆకు అంచును లోపలికి నొక్కి, పట్టు వదలకుండా వెనక్కి తిప్పి ముయ్యడం, ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి పని, ఆడోళ్ళ పని చేస్తాడని వీధి పిల్లలు ఏడిపిస్తే ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పకుండా దాచిన పని, రెండో మ్యాగజీను తీశాను, ఈసారి కావాలనే గోడవైపు చూస్తూ, పదమూడు, పద్నాలుగు, టిక్, అరె క్యా బాత్ హై అన్నాడు ఫసీయుద్దీన్ సాబ్, ఇస్హాక్ నోట్లోంచి వేలు తీశాడు, మూడోది, తడి ఆకు వాసన వస్తోంది నాకు ఈ ఏసీలో, పొగాకు పొడి ఘాటు, ఒళ్ళో చేట, ఎదురుగా అమ్మ, హుసేన్‌బీ, కత్తెరతో ఆకు కత్తిరిస్తూ, నాలుగోది, నవ్వు వస్తోంది, ఆపుకోలేకపోతున్నాను, ఇంత పెద్ద మనిషిని స్టూలు మీద కూర్చుని ఒక్కణ్ణే నవ్వుతున్నాను, సబ్రీన్ కూడా నవ్వడం మొదలుపెట్టింది ఎందుకో తెలియకుండానే, నాకూ నాకూ అని ఎడమచెయ్యి చాపింది, బలంతో కాదమ్మా, గోరు, గోరు, ఇట్లా అణిచి, యల్లా, వెనక్కి, అని చూపించాను, వచ్చీరాని అరబ్బీలో సగం, తెలుగులో సగం, ఐదోదాంట్లో ఆఖరిది ఆమే జార్చింది, ఆ టిక్కుకు మాషా అల్లా అని అరిచి స్టూలు మీదే ఎగిరింది, ఆరోది నిండేసరికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి, ఫసీయుద్దీన్ సాబ్ నా బొటనవేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఏడ నేర్చినవయ్యా ఇది, ఫౌజులనా, అన్నాడు, కాదు సాబ్, మా అమ్మ దగ్గర, బీడీలు చుట్టేవాళ్ళం, అన్నాను, అనేశాను, అంతమంది ముందు, ఎవ్వరూ నవ్వలేదు, రేపటి సంది లోడింగ్ బల్ల నీదే, కాని నూనె డబ్బా ఇంట్ల వెట్టి రా, అన్నాడాయన, అప్పుడు నవ్వారు, నేను అందరికన్నా గట్టిగా.

ఇప్పుడు అద్దం ఇవతల నిలబడి వింటున్నాను, అవతల సబ్రీన్ కాలుస్తోంది, పన్నెండు, పదమూడు, పద్నాలుగు, పదిహేను, ఎక్కడా ఆగలేదు, చెయ్యి వణకలేదు, నా వేలు మాత్రం ఇంకా ఊరికే ఉండటం లేదు, గాలిలోనే మడుస్తోంది, అమ్మతో పందెం అది, కట్ట ఎవరు ముందు కడతారో, ఇరవై ఐదు బీడీలు, నేను గెలిచి చేట ఎగరేసి పొగాకంతా నెత్తిన పోసుకున్న రోజు, అమ్మ కడుపు పట్టుకుని నవ్విన రోజు, ఆగు, అమ్మ నవ్విందా, నేను బర్వా అల్ బరాహా కూలీల క్యాంపులో నా గదివాళ్ళందరికీ చెప్పింది వేరే కదా, మా అమ్మ నా పలక లాక్కుని చేట ఇచ్చింది, లేకపోతే నేనూ ఒక గుమాస్తానో మేష్టరునో అయ్యేవాణ్ణి అని, చెప్పీ చెప్పీ నేనే నమ్మాను, అమ్మ పలక తీసింది, నిజమే, ఆకుబుట్ట మీద కప్పిన తడి గోనెపట్టా కిందనుంచి తీసింది, అక్కడ దాచింది నేను, కొంగుతో తుడిచి నా చేతికే ఇచ్చింది, పోరా నాయనా, బడికి పో, బీడీలు నేను చుట్టుకుంటాలే, అంది, మూడుసార్లు పంపింది, మూడుసార్లూ వీధి చివరిదాకా వెళ్ళి ఉరుక్కుంటూ వెనక్కి వచ్చాను, బడిలో అందరికన్నా వెనక, బీడీలు చుట్టే చాప మీద అందరికన్నా ముందు, అందుకు, అంత ఇష్టం నాకు ఆ చాప, వీధి పిల్లలు ఏడిపించాకే కదా బడి మానడాన్ని అమ్మ తప్పుగా మార్చాను, ప్రతి శుక్రవారం ఫోన్లో అడుగుతుంది, కువైట్లో ఎండలెట్లుండాయి నాయనా అని, ఖతార్ అమ్మా అంటే ఏదో ఒకటిలే అంటుంది, ఆఖర్న గొంతు తగ్గించి, నీకు సదువు ల్యాకుండా జేసినా గదా, ఆ పాపం నాదే నాయనా అంటుంది, నేను ఊ అనను, కాదు అనను, ఊరుకుంటాను, పదిహేనేళ్ళుగా అలా ఊరుకుని ఆ బరువు ఆమె మీదే ఉంచాను, శుక్రవారం రావడానికి ఇంకా మూడు రోజులున్నాయి, అంతదాకా ఎందుకు, ఫోను జేబులోనే ఉంది, బడి మానిపించింది నువ్వు కాదమ్మా, మానింది నేను, నీ ఎదురుగా కూర్చోవడం నాకు బాగుండి.