పొట్టి కాలు

బస్సు నీళ్లలో నడుస్తోంది. మానేరు ఒడ్డున ఆగాల్సింది ఆగకుండా తామరాకుల మధ్యకు దిగిపోతున్నా లోపల ఎవరూ కంగారు పడడం లేదు, కండక్టరు ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి టికెట్లు కొడుతున్నాడు, వీరేశం ఒళ్లో ఒక కత్తెర, దాని పక్కన ఒక చెక్క కప్ప, ఎదురు సీట్లో నిరుడు కాలం చేసిన బావ రాజమల్లు.

చనిపోయిన మనిషి బస్సెలా ఎక్కాడని వీరేశానికి తోచదు. టికెట్ తీసుకున్నాడో లేదో అన్నదే బెంగ. నుదుటి విభూతి సరిచేసుకుని, రేపు పెత్రమాస అని గుర్తు చేస్తాడు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టే రోజు కదా, బజారు చేప వద్దు, బావ ఎరగా చెక్కిన ఈ కప్పతో పట్టిన కొర్రమీనే పెట్టాలని అక్క కనకవ్వ పట్టుబట్టింది. రోజూ పొద్దున్నే వెళ్లి గాలం విసురుతూనే ఉన్నాడు, ఒక్కటీ పడలేదు.

ఎక్కడ విసురుతున్నావని బావ అడుగుతాడు. తేటనీళ్లలో, అంటాడు వీరేశం. గుర్రపుడెక్కలో వేస్తే చిక్కుకుని దారం తెగుతుందేమో, కప్ప పోతే మళ్లీ చెక్కేవాళ్లెవరు?

"తేటనీళ్లల్ల కొర్రమీను ఏం జేస్తది, తానం జేస్తదా?" అంటాడు బావ. "ఆకుల కింద నీడకు పండుకుంటదది. కప్ప గాలాలు వీపుకు ఆనిచ్చి ఎందుకు పెట్టిన? ఆకులకు తట్టుకోవద్దనే. ఆకు మీద వెయ్యి, మెల్లగ గుంజు, సందు రాంగనే ఆపు. నీళ్లు బుడుంగుమన్నయని ఉరుకులాడకు, బరువు చేతికి తెల్వనీ."

బస్సు చప్పుడు మెల్లగా సాంచాల చప్పుడవుతుంది. ఇప్పుడు వాళ్లు బావ మరమగ్గం నడిపిన నేత షెడ్డులో కూర్చుని ఉన్నారు, మడమల దాకా నీళ్లు అలాగే ఉన్నాయి, దారం కాక నీళ్లే కొంత తెల్లగా, కొంత ఆకుపచ్చగా బట్టై వస్తున్నాయి. ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది వీరేశం ఇక్కడ అడుగుతాడు.

"బావా, బతికున్న కప్పను గాలానికి గుచ్చుడు పాపమని నేనంటేనే గద నువ్వు దీన్ని చెక్కినవ్. కప్పను బతికిచ్చి చేపను మోసం జేస్తున్నం. శివుడు దీన్ని ఎట్ల జూస్తడు?"

"అడుగుదమనే పోయిన. అక్కడ లైను పెద్దగున్నది, నా వంతింక రాలే," అంటాడు రాజమల్లు, నవ్వకుండా.

వీరేశం కత్తెర తీస్తాడు. కప్పకు వెనక కాళ్లుగా సైకిల్ ట్యూబు ముక్కలు వేలాడుతున్నాయి, ఒకటి పొట్టిది. ఏ చేపో కొరికేసి ఉంటుంది, రెండోదాన్ని కూడా దానికి సరిగ్గా కత్తిరిస్తే రేపు బావ ఫొటో ముందు పెట్టినప్పుడు ముద్దుగా ఉంటుందని చెబుతూ కత్తెర ఆనించబోతాడు. బావ అరచెయ్యి కత్తెర మీద పడుతుంది. చల్లగా, తడిగా ఉంది.

"చేప కొరకలే, నేనే కోసిన. రెండు కాళ్లు ఒక్కతీరుంటే సక్కగ పోతది. ఒకటి పొట్టిగుంటే గుంజినప్పుడల్లా పక్కకు తిరుగుతది. బతికిన కప్ప ఏడన్న గీత గీసినట్టు పోతదా?"

"ఆకులల్ల చిక్కి తెగిపోతే ఎట్ల బావా?"

"పోతే పోనీ. ఫొటో ముందట పెడుదువని చెక్కిన్నా?"

షెడ్డులో సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోతాయి, చివరిది మాత్రం ఆగకుండా చర్రు చర్రుమంటూనే ఉంటుంది, వింటుంటే అది వాకిలి ఊడుస్తున్న చీపురు.

వీరేశం లేచి కూర్చుని శివా అనుకుంటాడు. తెల్లవారింది. రాత్రి తానే పెట్టినట్టు కత్తెర, కప్ప స్టూలు మీద పక్కపక్కనే ఉన్నాయి. బయటి నుంచి కనకవ్వ, కాళ్లు రెండూ సమం చేశావా అని అడుగుతుంది.

"లేదక్కా. కత్తెర లోపల పెట్టు," అంటాడు. కప్పను చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగుకు పట్టి చూస్తాడు. పొట్టి కాలి చివర కొరికిన గుర్తేమీ లేదు. ఏటవాలుగా, ఒక్క కోతకు తెగినట్టు నున్నగా ఉంది.