తాడూరివారి అక్షరం

ఏడో రాయి తుడిచేసరికి బకెట్లో నీళ్లు మట్టిరంగుకు తిరిగాయి. సెల్లాయి గుడ్డ పిండి, దాని కొసను చూపుడువేలికి చుట్టుకుని, రాతిలో చెక్కిన అక్షరాల గాడుల్లోకి పోనిచ్చింది. ఆ అక్షరాలను ఆమె చదవలేదు. కానీ ఏ గాడిలో మట్టి ఎక్కువ చేరుతుందో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ వేలికి తెలుసు.

కోయంబత్తూరులోని ఆ విశ్వవిద్యాలయంలో అలాంటి శిలాఫలకాలు పదకొండు ఉన్నాయి. దాని చరిత్ర కావలసినవాళ్లు లైబ్రరీకి వెళ్తారు. సెల్లాయికి ఈ రాళ్లే చాలు. మెట్ల పక్కనున్న నల్లరాయి అన్నిటికంటే పాతది. దొరల కాలంలో ఇది చిన్న సేద్యపు బడిగా ఉన్నప్పుడు వేసింది. ఎండాకాలంలో కూడా చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది. పాలరాయి, బడి కాలేజీగా మారినప్పటిది. అంచు విరిగిన ఎర్రరాయి, కాలేజీ విశ్వవిద్యాలయం అయినప్పటిది. తర్వాత వచ్చినవన్నీ నున్నటి పాలిష్ రాళ్లు, గుడ్డ వాటి మీద నిలవదు. నల్లరాయి వేసిన కట్టడానికి ఆమె అత్తగారి అవ్వ మట్టితట్టలు మోసిందట. ఆవిడ పేరు ఏ రాతిమీదా లేదని తెలుసుకోవడానికి చదువు రానక్కరలేదు.

తొమ్మిదయ్యేసరికి అడ్మిషన్ హాలు ముందు జనం చేరారు. సర్టిఫికెట్లు సరిచూడడానికి అదే ఆఖరి రోజు. కంబం నుంచి వచ్చిన ద్రాక్షతోట రైతు ఒకడు, నీలం చీర యూనిఫాం చూసి ఎవరో ఉద్యోగి అనుకుని సెల్లాయికే దండం పెట్టాడు. ఆమె నవ్వలేదు. ప్రతి ఏడూ వినీ వినీ నోటికి వచ్చిన జాబితాను తమిళంలో అప్పజెప్పింది: పదో తరగతి, పన్నెండో తరగతి మార్కుల పట్టీలు, బడి ఇచ్చిన టీసీ, కులం చెప్పే కమ్యూనిటీ సర్టిఫికెట్, పుట్టిన తేదీ కాయితం, పిల్ల ఈ రాష్ట్రానిదేనన్న కాయితం. అన్నీ అసలువి కావాలి, ఒక్కోదానికి మూడు జెరాక్సులు. మడతలో చిరిగితే పరవాలేదు గాని, ఒక కాయితంలో ఉన్న పేరే రెండోదానిలోనూ ఉండాలి. రైతు తన కాయితాలన్నీ ఆమె ముందే నేలమీద పరిచి చూసుకుని, తృప్తిపడి, వరసలో నిలబడ్డాడు.

ఆ వరసలోనే ఆమె మనవరాలు తేన్మొళి ఉంది. పొడుగ్గా, ఎముకలు తేలిన భుజాలతో, ఫైలును బిడ్డలా ఎదకు అదుముకుని నిలబడింది. వ్యవసాయంలో డిగ్రీ సీటు వచ్చింది. ఈ ఆవరణలోనే వస్తుందని, మధ్యాహ్నం పూట తను ఊడ్చే వరండాలోంచి పిల్ల పుస్తకాలతో నడిచిపోవడం చూడొచ్చని సెల్లాయి ఏడాదిగా ఊహించుకుంది. రెండు రోజుల కింద ఫోనుకు వచ్చిన కబురులో మాత్రం మదురై దగ్గరున్న కాలేజీ పేరుంది. ఇక్కడ కాయితాలు సరిచూపించుకుని, రేపు పొద్దునకల్లా అక్కడ చేరాలి. లేకపోతే సీటు వెనకనున్నవాళ్లకు పోతుంది.

అప్పటినుంచి ఆమెకు నిద్ర లేదు. పిల్ల సంచి సర్దింది, విప్పింది, మళ్లీ సర్దింది. ఆమెకు వెళ్లేవాళ్లంటే భయం. మొగుడు కుళందైసామి కేరళలో ఎస్టేటు పనికి పోయొస్తానని వెళ్లాడు, కబురుగానే తిరిగొచ్చాడు. కొడుకు కార్తి భార్య చనిపోయాక నాలుగేళ్ల బిడ్డను ఆమె ఒడిలో పెట్టి, మేట్టుపాళయం వక్కల మండీలో మూటలెత్తడానికి వెళ్లి, అక్కడే ఇంకొక ఇల్లు కట్టుకున్నాడు. అందరూ పోయొస్తామనే అన్నారు.

పదకొండు గంటలకు లోపలినుంచి పిలుపు వచ్చింది. పిల్లను కాదు, సెల్లాయిని.

అడ్మిషన్ విభాగం సూపరింటెండెంట్ ప్రభాకరన్ బల్లమీద రెండు కాయితాలు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు. అతనిది పొల్లాచ్చి వైపు భూములున్న నాయుళ్ల కుటుంబం. సెల్లాయి ఇంట్లో లాగే అతని ఇంట్లోనూ తెలుగే. అయినా ఈ ముప్పై ఏళ్లలో ఇద్దరూ ఆఫీసులో తమిళమే మాట్లాడుకున్నారు. ఆ రోజు కూడా అతను తమిళంలోనే మొదలుపెట్టాడు. పుట్టిన కాయితంలోనూ కమ్యూనిటీ సర్టిఫికెట్‌లోనూ పిల్ల పేరు కె. తేన్మొళి. బడి కాయితాలన్నిటిలో టి. తేన్మొళి. తండ్రి కార్తి కాబట్టి కె సరే, టి ఎక్కడినుంచి వచ్చిందని అడిగాడు.

సెల్లాయి అతని వేలికింద ఉన్న ఇంగ్లీషు అక్షరాన్ని చూసింది. నిట్టాడి మీద దూలం ఎక్కించినట్టుంది.

"అది తాడూరి సామీ," అంది. ఆమెకు తెలియకుండానే మాట తెలుగులో వచ్చింది. "మా ఇంటిపేరు. బడిలో చేర్చేటప్పుడు నేనే ఇస్తిని."

ప్రభాకరన్ కళ్లజోడు తీశాడు. అతనికి ఇంకేమీ విప్పి చెప్పనక్కరలేకపోయింది. ఈ తమిళనాడులో పేరు ముందు తండ్రి పేరు అక్షరం పెడతారు. ఇంటిపేరు పెళ్లి మాటల్లో తప్ప ఎవరూ అడగరు. పదమూడేళ్ల కింద హెడ్మాస్టరమ్మ ఆరోగ్యమేరి, ఇనీషియల్ ఏమిటని అడిగినప్పుడు, మండీనుంచి రాని కొడుకుమీద కోపమో ఏమో, సెల్లాయి ఇంటిపేరే చెప్పింది. తాతల తాతలు తెలుగుసీమనుంచి నడిచివచ్చిన దారిలో ఊరి పేరు పోయింది, రాత పోయింది, దేవర పాటలు సగం పోయాయి. మిగిలింది ఈ ఒక్క మాటేనని ఆమె తండ్రి చెప్పేవాడు. మేనమామ కొడుకునే చేసుకున్నా మెట్టినింటి పేరు వేరే, కానీ ఆ రోజు నోరు తిరిగింది మాత్రం పుట్టింటి పేరుకే. ఎవరి పేరైతేనేం, ఒకటి నిలబడాలనుకుంది. హెడ్మాస్టరమ్మ చక్కగా రాసుకుంది. ఇన్నేళ్లు అందరికీ జాబితా అప్పజెప్పిన మనిషి, తన ఇంటి కాయితాలను ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి చూపించుకోలేదు.

"ఇట్లాగుంటే ఇద్దరు పిల్లలని అనుకుంటారు," అన్నాడు ప్రభాకరన్, ఈసారి అతనూ తెలుగులోనే. "కమ్యూనిటీ కాయితం సరిపోకపోతే ఆ సీటు లేదు. సాయంత్రం నాలుగు లోపల నోటరీ దగ్గర రాయించుకురా. బడిలో తప్పుగా ఇచ్చినానని, పిల్ల ఒకతేనని. మిగతాది గెజెట్‌లో తర్వాత మార్పించుకోవచ్చు. లేదంటే నా చేతిలో లేదు."

లేదంటే సీటు లేదు. లేదంటే పిల్ల ఎక్కడికీ పోదు.

ఆ ఆలోచన వచ్చినప్పుడు సెల్లాయికి గుండెలో చల్లగా తగిలింది. ఎంత హాయిగా ఉందంటే ఆమెకు తనమీద తనకే భయం వేసింది. తను ఏ తప్పూ చేయనక్కరలేదు. నోటరీ దొరకలేదంటే చాలు, నాలుగు దాటితే చాలు. సాయంత్రం ఇద్దరూ కలిసి టౌన్ బస్సులో ఇంటికి పోవచ్చు. ఆమె వరండాలోకి వచ్చి స్తంభానికి ఆనుకుని చాలాసేపు నిలబడింది. గోడ గడియారం పన్నెండున్నర దాటింది.

తేన్మొళి వచ్చి పక్కన నిలబడింది. లోపలి మాటలు పిల్లకు వినబడ్డాయి. టోకెన్ చీటీని గోటితో చిన్న చిన్న ముక్కలు చేస్తోంది. ఏడవడంలేదు.

"పోతే పోనీలే అవ్వా," అంది. "గాంధీపురంలో చీరలకొట్టులో ఆడపిల్లలు కావాలంట. పక్కింటి తంగం చెప్పింది. నీతోనే ఉంటా."

రెండు రోజులుగా సెల్లాయి ఏ మాట కోసం లోలోపల కాచుకుందో, పిల్ల ఆ మాటే తెచ్చి చేతిలో పెట్టింది. చేతిలోకి వచ్చాక అది ఎంత చిన్నదో కనిపించింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఈ మెట్లమీద కాయితం తక్కువై వెనక్కి మళ్లిన పిల్లలను ఆమె చూసింది. వాళ్లు మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి చూడరు. కిందనున్న తల్లిదండ్రులే పైకి చూస్తారు.

"నోరు ముయ్యి," అంది సెల్లాయి. "చెప్పులు తొడుక్కో. నడు."

గేటుకు ఎదురుగా రోడ్డవతల, వేపచెట్టు కింద టైపు మిషను, సీళ్లు పెట్టుకుని కూర్చుంటాడు నోటరీ వకీలు గోవిందరాజ్. ముందు ఆరుగురు ఉన్నారు. రెండున్నరకు వీళ్ల వంతు వచ్చింది. అతను టకటకా టైపు కొట్టి, తమిళంలో చదివి వినిపించాడు. సెల్లాయి అనే నేను, నా మనవరాలిని బడిలో చేర్చినప్పుడు, తెలియనితనంవల్ల, పొరపాటున, సంబంధంలేని అక్షరాన్ని ఆమె ఇనీషియల్‌గా ఇచ్చాను.

ఆమె ఆగమంది. సంబంధంలేని అన్న మాట తీసేయవచ్చా అని అడిగింది. పొరపాటు కాదు కదా, తెలిసే ఇచ్చాను కదా అంది. గోవిందరాజ్ విసుక్కోలేదు. తెలిసి ఇచ్చానంటే అది వేరే కేసవుతుంది అమ్మా, తెలియక ఇచ్చానంటే కాయితం చెల్లుతుంది, ఏది కావాలో నువ్వే చెప్పు అన్నాడు. వెనక ఉన్నవాళ్లు తొందరపెడుతున్నారు. తేన్మొళి రోడ్డు వైపు చూస్తోంది.

సెల్లాయి పెన్ను తీసుకుంది. వేలికి ఇంకా బకెట్ నీళ్ల మట్టి వదలలేదు. తమిళంలో తన పేరు ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది. సీలు పడింది.

మూడున్నరకు ప్రభాకరన్ కాయితాన్ని ఫైలులో గుచ్చి, జాబితాలో కె. తేన్మొళి పేరుకు ఎదురుగా టిక్కు పెట్టాడు. తలెత్తకుండానే అన్నాడు:

"మా ఇంటిపేరు మా నాయన నాకు చెప్పినాడు. నా పిల్లలకు నేను చెప్పలే. అడగనూ లేదు వాళ్లు."

"ఇప్పుడైనా చెప్పండి సామీ," అంది సెల్లాయి.

మదురై బస్సులు సింగానల్లూరు స్టాండులో ఆగుతాయి. పొద్దు వాలేవేళకు వాళ్లు అక్కడికి చేరారు. కిటికీ పక్క సీటు దొరికింది. సెల్లాయి సంచిని పైన పెట్టించి, నీళ్ల సీసా ఇచ్చి, దిండిగల్లులో దిగొద్దని, ఎవరైనా ఏదైనా ఇస్తే తినొద్దని, ఫైలును తలకింద పెట్టుకోవద్దని, ఒళ్లోనే పెట్టుకోమని చెప్పింది. చెప్పినవే మళ్లీ చెప్పింది. తేన్మొళి కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకుంది.

"అవ్వా, అక్కడ ఎవరైనా అడిగితే ఏమని చెప్పేది?"

"కె అని చెప్పు," అంది సెల్లాయి. కిటికీకి ఇంకా దగ్గరగా జరిగి, "మన భాషోళ్లు అడిగితే తాడూరోళ్లమని చెప్పు," అంది.

కండక్టరు విజిల్ వేశాడు. పోయొస్తా అని పిల్ల అనబోయిందో, అన్నదో, ఇంజను చప్పుడులో వినబడలేదు. వినబడనందుకు సెల్లాయి ఊరట పడింది. బస్సు స్టాండు దాటి వంతెన మలుపు తిరిగేదాకా ఆమె చెయ్యి ఊపలేదు. తర్వాత ఊపింది.

ఇంటికి వచ్చి తాళం తీసి లైటు వేసింది. చాప చుట్టి మూలన నిలబెట్టి ఉంది. పిల్ల పళ్లెం లేదు, దువ్వెన లేదు, గూట్లో పుస్తకాలు లేవు. తలుపు మూయబోతే దాని వెనకనున్న మేకు కనబడింది. దానికి నీలంరంగు పట్టీతో బడి ఐడి కార్డు వేలాడుతోంది, రెండు జడల ఫోటో కింద తేన్మొళి పేరూ, ఆ పేరుకు ముందు, చెమటకు సగం చెరిగిన ఆ ఒక్క అక్షరమూ.