చీకట్లో అల్లుకునే పోగులు

పట్టపగలు చీకట్లో కూర్చునే ఉద్యోగం కాబట్టి తోటివాళ్ళు ఆమెను గుడ్లగూబ అని ఆటపట్టించేవారు. ఆమెకేం కోపం లేదు. మైక్రోస్కోపు గదిలో నల్ల పరదా దించేసి, బతికున్న కణాలను తెర మీద చూస్తూ కూర్చుంటే ఆమెకు ఆకలి కూడా గుర్తొచ్చేది కాదు.

కానీ ఈసారి గాజు గిన్నెలో పెరుగుతున్నవి పరాయివాళ్ళ కణాలు కావు, సాక్షాత్తూ ఆమె అత్తగారివి. కణం మధ్యలో కేంద్రకమనే చిన్న ఉండ ఉంటుంది. దాని గోడకు లోపలివైపు సన్నటి పోగులు వలలా అల్లుకుని ఉంటాయి. వెలుపల మరికొన్ని పోగులు దాన్ని అటూ ఇటూ పోకుండా పట్టి ఉంచుతాయి. అత్తగారికి పుట్టుకతోనే ఆ లోపలి వల నాసిరకం. పాపం, ఆ బరువంతా గుండె మీద పడింది. ఎప్పుడేమవుతుందో చెప్పలేనని డాక్టరు చేతులెత్తేశాడు.

అప్పటినుంచి కోడలికి కంటి మీద కునుకు లేదు. అత్తగారు మధ్యాహ్నం కాస్త నడుం వాల్చిందో లేదో, గుమ్మంలో నిలబడి టక్కున లైటు వేసి, ఛాతీ కదులుతోందా అని చూసేది.

"చావలేదులే, ఆర్పు!" అని దుప్పట్లోంచి కసిరేది అత్తగారు.

ఒక కొత్త మందు ఉంది. దాన్ని గిన్నెలో వేసినప్పుడు కణం రెండుగా విడిపోయి, రెండింటిలోనూ వల మళ్ళీ అల్లుకుంటే, మనిషికీ ఇచ్చి చూద్దామన్నాడు డాక్టరు. తీరా చూస్తే ఒక్కో గిన్నెలో కణాలు వరుసగా చచ్చిపోతున్నాయి. తప్పు మందుది కాదు, కోడలిది. ఆకుపచ్చ రంగు పట్టించిన ఆ పోగులు కనబడాలంటే వాటి మీద గట్టి వెలుగు పడాలి, ఆ వెలుగే కణానికి విషం. రెప్పపాటు చూసి ఆర్పేయాలన్నది ఆ గదిలో అందరికీ తెలిసిన నియమం. ఆమెకు తెలియదా? తెలుసు. కానీ కణం ఉందా పోయిందా అన్న భయంతో మళ్ళీ మళ్ళీ వెలుగు వేయకుండా చెయ్యి ఆగేది కాదు. ఇక మిగిలింది ఒక్క గిన్నె.

"గిన్నెలో పెరుగుతున్న నా పిల్లల్ని నేను చూడాల్సిందే" అని ఆ రోజు అత్తగారు పంతం పట్టి గదిలోకి వచ్చింది. స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని తెర వైపు చూసింది. చీకట్లో ఆకుపచ్చటి పోగుల ఉండ ఒకటి మెల్లగా ఊపిరి తీసుకుంటున్నట్టు వెలిగింది.

"ఓసి నీ... ఇది నేనా?"

"మీరే అత్తయ్యా."

"ఇంత అందంగా ఉన్నానని మీ మామగారు ఒక్కనాడూ చెప్పలేదు సుమా!"

ఇద్దరూ నవ్వుతుండగానే ఆ పోగులు సడలాయి. ఉండ అంచు మసకబారి, పచ్చదనమంతా పొగమంచులా కణమంతటా కలిసిపోయింది.

"అయ్యయ్యో, చెదిరిపోయింది!"

"లేదత్తయ్యా, విడిపోబోతోంది. విడిపోయేముందు వల ఇలాగే కరిగిపోవాలి. మళ్ళీ అల్లుకుంటుందో లేదో..." కోడలి వేలు వెలుగు మీట మీదే ఉంది. "ఇదే ఆఖరిది."

అత్తగారు తెరను కాకుండా కోడలి వేలిని చూసింది. "అలా గుడ్లప్పగించి చూస్తే దిష్టి తగలదూ? ఆర్పేయమ్మాయ్."

"ఏమవుతుందో తెలియొద్దా?"

"నీకు తెలియడం ముఖ్యమా, అది బతకడం ముఖ్యమా?"

కోడలు వెలుగు ఆర్పింది. గది మొత్తం నల్లబడింది. యంత్రం సన్నగా గుర్రుమంటోంది. అత్తగారి వెచ్చటి అరచెయ్యి ఆమె చేతిని పట్టుకుంది. కాసేపటికి కోడలికి గోడలు ఎక్కడున్నాయో తెలియలేదు. తను ఆ కణంలోనే కూర్చున్నట్టుంది. పచ్చటి పోగులు జుట్టును రాసుకుంటూ తేలిపోతున్నాయి. అవతల అత్తగారు కాళ్ళు బార్లా చాపుకుని, వాటిని ఒక్కొక్కటే ఏరి ముడి వేస్తోంది. "చూడకు, లెక్క తప్పుతుంది" అని విసుక్కుంటోంది. కోడలు బుద్ధిగా కళ్ళు మూసుకుంది. ఎన్నాళ్ళకో ఆమెకు భయం లేకుండా ఊపిరి ఆడింది.

గంట దాటాక అత్తగారే చెయ్యి కదిపింది. "ఇప్పుడు చూడు. ఒక్కసారే."

రెప్పపాటు వెలుగు. తెర మీద రెండు ఉండలు. ఒకటి గుండ్రంగా ఉంది, దాని గోడకు లోపలివైపు పోగులు చక్కగా అల్లుకుని ఉన్నాయి. రెండోదానికి పక్కన చిన్న బొడిపె ఉంది, అయినా వల మూసుకుంది. కోడలు వెంటనే ఆర్పేసి భోరున ఏడ్చింది.

"ఆ బొడిపె ఉన్నది అచ్చం నా పోలికే" అంది అత్తగారు, ముక్కు ఎగబీలుస్తూ.

ఇంటికి రాగానే అత్తగారు పరదాలు లాగి పడుకుంది. డాక్టరుతో ఫోనులో మాట్లాడడం అయ్యాక కోడలు గుమ్మంలోకి వచ్చింది. అలవాటుగా వేలు స్విచ్చి మీదికి పోయింది. లోపల అలికిడి లేదు. అయినా చెయ్యి దించుకుని గుమ్మం దగ్గరే కింద కూర్చుంది.

చాలాసేపటికి చీకట్లోంచి మాట వచ్చింది. "ఏం, ఇవాళ లైటు వెయ్యలేదే?"

"వెయ్యనత్తయ్యా. పడుకోండి."