చెంపల గాలి

నేను ఒక జానెడు ఇత్తడి గొట్టాన్ని. ఒక కొన వెడల్పు, రెండో కొన సన్నగా వంగి ఉంటుంది. కంసాలి నా వెడల్పు కొనను నోట పెట్టుకుని ఊదితే, దీపం మంట సూదిలా సాగి, బొగ్గు మీద పెట్టిన నగకు తగులుతుంది. టంకం కరిగి అతుకులోకి పారుతుంది. అంతకు మించి నాకు ఏ విద్యా రాదు. లేని విద్యను మనుషులు నాకు అంటగట్టారు. దానికి ఒక మనిషి బలైంది.

నన్ను ఒక కంచరి పగిలిన చెంబు రేకుతో చేశాడు. నాగలింగాచారి అనే కంసాలి కొనుక్కుని, పెన్న ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో నలభై ఏళ్ళు ఊదాడు. రొమ్ములో బలమున్నవాడికే ఈ పని అబ్బుతుందని కొడుక్కి రోజూ చెప్పేవాడు. ఆయన పోయాక కొడుకు మౌనాచారికి దక్కాను. వాళ్ళ ఇంట్లో అమావాస్యనాడు పూజ కాకుండా పని మొదలుపెట్టరు. పనిముట్లన్నీ చింతపండుతో తోమి, పీట మీద పేర్చి, పసుపు కుంకుమలు పెట్టి మొక్కుతారు. పీట మీద నా చోటు మధ్యలో.

మౌనాచారి నూరు లెక్కపెట్టేదాకా గుక్క తెగకుండా ఊదేవాడు. నగలకోసం వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోయి, ఎంత గట్టి రొమ్మయ్యా నీది అనేవాళ్ళు. ఆయనా నమ్మాడు. అసలు సంగతి వేరు. ఆయన గాలిని చెంపల్లో నింపుకుని, చెంపలు నొక్కి నాలోకి తోసేవాడు. అది పోతుండగానే ముక్కుతో కొత్త గాలి పీల్చుకునేవాడు. చిన్నప్పుడు తండ్రిని చూసి ఒంటికి పట్టిన అలవాటు. నాలోకి గాలిని తోసేది రొమ్ము బలం కాదని తండ్రికీ తెలియదు, కొడుక్కీ తెలియదు. తెలిసింది ఒక్కరికే. ఆయన భార్య కాళికమ్మకు. ఇరవై ఏళ్ళు దీపానికి అవతల కూర్చుని, బొగ్గులు కొడుతూ, అతుకుకు పూసే వెలిగారం నూరుతూ, ఆ చెంపలనే చూసిన మనిషి.

కాళికమ్మకు క్షయ వచ్చింది. ఆరు నెలలు మాత్రలు మింగింది. ఆ ఆరు నెలలూ పెరట్లో కొట్టంలో పడుకోబెట్టారు. మౌనాచారి అక్క చెన్నమ్మ, మొగుడు పోయి ఆ ఇంట్లోనే ఉంటున్న మనిషి, అన్నం గిన్నెను పొరక కట్టతో లోపలికి నెట్టేది. చివరికి ఆసుపత్రివాళ్ళు కార్డు మీద నయమైందని రాసి ముద్ర వేశారు.

కార్డుకు నయమైంది. ఆమె మాత్రం రెండు మెట్లెక్కితే గోడ పట్టుకునేది. బిందె ఎత్తితే కళ్ళు తిరిగేవి. తెల్లవారి లేస్తే దోసెడు కఫం. ఆసుపత్రిలో మూడుసార్లు కఫం పరీక్ష చేసి, క్రిములు లేవు పొమ్మన్నారు. నాలుగోసారి ఒక డాక్టరు ఎక్స్‌రే ఎత్తి చూపించి, క్రిములు చచ్చాయి గానీ అవి తినేసిన ఊపిరితిత్తి మళ్ళీ మొలవదని చెప్పాడు. పొగ దగ్గరికి పోవద్దన్నాడు, బరువులెత్తవద్దన్నాడు, రక్తం పడితే ఆ రోజే రమ్మన్నాడు. ఆమె ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది.

"క్రిములు చచ్చినాయంట, రోగం మాత్రం బతికుందంట. యాడన్నా విన్నామా?" అంది చెన్నమ్మ.

కాళికమ్మను ఆమె అన్నగారింటికి పంపించేయమని తమ్ముడిని పోరింది. ఆ అన్న అప్పటికే ఫోన్లో, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఇక్కడికి పంపొద్దని చెప్పాడు. ఆ మాట కాళికమ్మకు తెలుసు. ఈ ఇల్లు దాటితే ఆమెకు కాలు పెట్టే చోటు లేదు.

మౌనాచారి బంగారాన్ని గీటురాయి మీద గీసి చూడనిదే నమ్మడు. పెళ్ళానికీ ఒక గీటురాయి కావాలనుకున్నాడు. నన్నూ, ఒక విరిగిన వెండి కడియాన్నీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"వచ్చే అమావాస్యకి పూజైనాక ఈ కడియం అతుకు. టంకం పారిందా, రొమ్ము బాగుండాదని లెక్క, ఈ ఇంట్లోనే ఉండు. పారల్యా, మీ అన్న యింటికి పో."

తొమ్మిది రోజులు మిగిలాయి. మధ్యాహ్నం ఆయన నిద్రపోగానే ఆమె నన్ను కొట్టంలోకి తీసుకుపోయేది. గ్లాసులో నీళ్ళు పోసి, నా సన్న కొనను ముంచి ఊదేది. బుడగలు తెగకుండా రావాలి. మొదటి రోజు రొమ్ముతోనే ఊదింది. నాలుగు బుడగలు వచ్చి దగ్గు అందుకుంది. నాలోకి వచ్చిన ఆ గాలి ఎంత పలచన! చిరిగిన తిత్తి నుంచి వచ్చినట్టు, దారిలోనే సగం పోయి వచ్చింది. రెండో రోజు నుంచి మొగుడి చెంపలను గుర్తు తెచ్చుకుంది. చెంపల్లో నింపడం, నొక్కడం, ముక్కుతో పీల్చడం. దవడలు వాచాయి. ఎనిమిదో రోజుకు బుడగలు తెగలేదు.

అమావాస్య వచ్చింది. పీట మీది కుంకుమ ఇంకా నా ఒంటి మీదే ఉంది. మౌనాచారి పట్టకారుతో వెండి కడియం పట్టుకున్నాడు. చెన్నమ్మ గడప మీద కూర్చుంది. కాళికమ్మ ఊదింది. మంట వంగింది, నిలిచింది. వెండి ఎర్రబడింది. లెక్క తొంభై దాటాక టంకం మెరిసి అతుకులోకి పారింది. ఆమె నన్ను కింద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని దగ్గు ఆపుకుంది. ఇంట్లో ఉండే హక్కు గెలుచుకుంది.

"చూస్తివా తమ్ముడా, ఇన్నాళ్ళు ఎంత నాటకం ఆడిందో!" అంది చెన్నమ్మ.

మరునాటి నుంచి కొళాయి నీళ్ళు ఆమెవే. కట్టెల పొయ్యి ఆమెదే. ఆయాసం వచ్చి కూర్చుంటే, కడియం అతికినప్పుడు లేని ఆయాసం ఇప్పుడెక్కడిదని అడిగేవాళ్ళు. చెంపలతో ఊదానని చెబితే ఇల్లు వదలాలి. గెలిచిన గెలుపే గొంతుకు అడ్డం పడింది. రెండో నెలలో రక్తం పడిన గుడ్డ తెచ్చి మొగుడికి చూపించింది. ఆసుపత్రికి పోదామంది.

"చిగుళ్ళ రక్తం అది. నూరు దాకా ఊదిన రొమ్ముకి ఏం రోగముంటాది?" అన్నాడు. ముహూర్తాలున్నాయి, పని అయిపోయాక చూద్దామన్నాడు.

నాలుగో నెలలో ఆమె చాప మీద నుంచి లేవలేదు. ఆయన దీపం ముందు కూర్చుని గొలుసు అతుకుతున్నాడు. నేను ఆయన నోట్లో ఉన్నాను.

"ఆ పొద్దు నేను ఊదింది రొమ్ముతో కాదు, చెంపలతో," అంది కాళికమ్మ. "మీరు ఊదేదీ అట్లనే. మీ నాయన ఊదిందీ అట్లనే. నమ్మకుంటే చెంప మీద చెయ్యి పెట్టుకోని ఊదండి."

ఆయన చెంప మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఊదాడు. చాలాసేపు చెయ్యి తియ్యలేదు. ఆసుపత్రి రెండు వీధుల అవతల ఉంది. అప్పుడైనా లేచి ఆటో పిలవొచ్చు.

"అంటే, నన్ను మోసం చేస్తివి," అన్నాడు.

"చెయ్యకపోతే యాడికి పోవాల?"

ఆయన గొలుసులో ఇంకో లంకె అతికాడు. తెల్లవారి ఆమె గిన్నెడు రక్తం కక్కుకుని పోయింది. పలకరించడానికి వచ్చినవాళ్ళు, క్షయ నయమైందన్నారు కదా అంటే, నయమైన మాట నిజమేనని కార్డు తీసి చూపించాడు. తనకు మాత్రం చెప్పకుండా మోసం చేసి పోయిందని చెప్పాడు. ఇప్పటికీ అదే చెబుతాడు.

ఒక చిన్న చిక్కు వచ్చిపడింది. నన్ను నోట పెట్టుకుంటే ఆయనకు తన చెంపలు గుర్తొస్తున్నాయి. గుర్తొస్తే గుక్క తెగుతుంది. ఇరవై దాటడం లేదు. నగలకోసం వచ్చినవాళ్ళు, వయసు మీద పడింది, రొమ్ములో పస తగ్గిందని జాలిపడతారు. ఆయన గ్యాస్‌తో మండే గొట్టం కొనుక్కున్నాడు.

నన్ను పారేయలేదు. పెట్టెలో మెత్తటి గుడ్డలో చుట్టి ఉంచాడు. కాళికమ్మ ఫొటోకు ఏడాదికి ఒకసారి బొట్టు పెడతారు. నాకు ప్రతి అమావాస్యకూ పెడతారు. మౌనాచారి నన్ను చింతపండుతో తోమి, లోపల నీళ్ళు పోసి కడిగి, ఆ నీళ్ళను పెరట్లో కొట్టం గోడకు చల్లుతాడు. గొట్టం ఏనాడూ తప్పు చెప్పలేదు, తప్పంతా ఊదిన మనిషిదేనని అక్కతో అంటాడు. చెన్నమ్మ అవునంటుంది. తరువాత ఇద్దరూ నా ముందు చేతులు జోడిస్తారు.

మనుషుల చేత మొక్కించుకోవడానికి పెద్దగా ఏమీ చెయ్యనక్కరలేదు. ఎదురు మాట్లాడకుండా ఉంటే చాలు.