మొదటి పది మీటర్లు

ఒకప్పుడు వంద మీటర్ల పరుగులో పతకాలు కొట్టిన మేనత్త, ఇప్పుడు మైదానం గట్టు మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది. ఎదురుగా మేనకోడలు హాకీ జట్టు ఎంపికకు నిలబడింది. ఇంట్లో అందరూ దాన్ని పిడుగు అంటారు గానీ, ఈ పూట ఆ పిడుగు మొహంలో నెత్తురు చుక్క లేదు. పది మీటర్లు 2.15 సెకన్లలోపు పరిగెత్తాలి. అవకాశాలు రెండే. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

మూడు నెలలుగా మేనత్త దానికి ఊపిరి సలపనివ్వలేదు. పరుగు మొదలయ్యే గీత దగ్గర వంగి బయల్దేరాలి, ఏడో అడుగు దాకా గడ్డం ఎత్తకూడదు, చేతులు చెంపల దాకా ఊగాలి. మధ్యలో ఎవరైనా నోరెత్తితే వాళ్ల పని అయిపోయినట్టే!

"గీతకి వీపు పెట్టి నిలబడండి. స్టిక్ చేతిలోనే ఉండాలి. విజిల్ వినగానే తిరిగి పరిగెత్తాలి," అన్నాడు సెలెక్టర్.

మేనత్త గట్టు మీంచి లేచి నిలబడింది. మూడు నెలల్లో ఒక్కరోజైనా దాని చేత స్టిక్ పట్టించిందా? హాకీలో గీత దగ్గర వంగి కూర్చునేదెవరు? ఇంత చిన్న సంగతి తట్టనందుకు తనను తానే తిట్టుకుంది.

పిడుగు అత్త నేర్పినట్టే పరిగెత్తింది. తిరగడంలో తడబడింది. చెయ్యి ఊపబోతే స్టిక్ మోకాలికి తగిలింది. 2.32.

మేనత్త ఒక్క ఉదుటున దాని దగ్గరికి వెళ్లింది. "నేను చెప్పిందంతా పక్కన పెట్టెయ్. ఆటలో బంతి కోసం ఎలా ఉరుకుతావో అలాగే ఉరుకు."

"చిన్న చిన్న అడుగులతోనా?"

"స్టిక్ పట్టుకుంటే అలాగే ఉరకాలని నీకు ముందే తెలుసా?"

"మొదటి వారమే చెబుదామనుకున్నా అత్తా. తిడతావని భయమేసింది."

మేనత్త దాని భుజం తట్టి పక్కకు తప్పుకుంది.

విజిల్ మోగింది. ఈసారి పిడుగు ముందు నడుము తిప్పింది. స్టిక్‌ను ఒంటిచేత్తో ఒడిసిపట్టి, నాలుగు పొట్టి అడుగులు టకటకా వేసి దూసుకుపోయింది.

"2.13," అన్నాడు సెలెక్టర్. "బావుందమ్మా! ఇలా బయల్దేరడం ఎవరు నేర్పారు?"

పిడుగు రొప్పుతూ, ఇంకా బెదురు తీరని కళ్లతో మేనత్త వైపు చూసింది.

"మా అత్తే," అంది.