తెగ్గొట్టమన్నది మేమే

మా వదినను వెనక గేటు నుంచి మోసుకెళ్ళారు. ముందు గేటు దగ్గర సరుకు కొనేవాళ్ళ కారు ఉందట, వాళ్ళు చూస్తే బాగుండదట. ఆమె కళ్ళు తెరవలేకపోతోంది, గొంతులో పిల్లికూతలు. ఆటోలో పడేయించి మేనేజరు మా వైపు తిరిగాడు. సినిమా అయిపోయింది, బల్లల దగ్గరికి పదండి అన్నాడు. వెళ్ళాం. సిగ్గు విడిచి చెబుతున్నాను, వెళ్ళి చేపలు కోశాం.

మాది చేపలు కోసి గడ్డకట్టించే ఫ్యాక్టరీ. చల్లదనం పుట్టించే గ్యాసు గొట్టాల్లో తిరుగుతుంది. అది కారితే కళ్ళూ ఊపిరితిత్తులూ కాలిపోతాయి. అందుకే గ్యాసు తగలగానే మోగే గంట ప్రతి గదిలో ఉండాలని చట్టం. ఎక్కడో కొందరు చచ్చిపోతే, మిగిలినవాళ్ళు రోడ్డెక్కితే వచ్చిన చట్టం అది, ఏ దొరా దయతలచి ఇవ్వలేదు. గంట మోగితే అందరూ బయటికి రావాలి, గొట్టాలు చూశాకే లోపలికి పోవాలి. ఇంతవరకూ బాగానే ఉంది. బయట నిలబడ్డ పూటకి కూలి ఎవరివ్వాలో మాత్రం అందులో ఎవరూ రాయలేదు. మేనేజరు కోసేసేవాడు. వారానికి మూడుసార్లు గంట, మూడుసార్లు కోత. చివరికి మేమే ఎలక్ట్రీషియన్ని బతిమాలాం, దాని నోరు మూయించమని. ఆ ఎలక్ట్రీషియన్ మా అన్న. వద్దు వద్దంటుంటే నేనే సతాయించి ఒప్పించాను. తీగ తెగ్గొట్టాడు. నెల తిరక్కుండా గ్యాసు కారింది, గంట మోగలేదు, తన పెళ్ళామే పడిపోయింది.

మర్నాడు ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసింది. మేనేజరు నన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఎన్నడూ లేని ఆ మర్యాదకే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"తీగ ఎవరు కోశారో నాకు తెలుసమ్మా. నువ్వు నోరు విప్పితే మీ అన్న జైలుకి పోతాడు. అక్కడేమో మీ వదిన ఆస్పత్రిలో. ఆలోచించుకో."

అన్నం వేళ బట్టలు మార్చుకునే గదిలో అందరం చేరాం. ముసలి మెకానిక్కుని మేం తాత అంటాం. పక్క ఫ్యాక్టరీకి సీలు వేసిన సంగతి ఎత్తుకున్నాడు. గొట్టం చెడితే తలుపుకి తాళం వేశారు. యజమాని ఇంకోచోట ఇంకో ఫ్యాక్టరీ తెరిచాడు, మనుషులు మాత్రం చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ప్యాకింగులో పనిచేసే పిన్ని కస్సుమంది. అయితే చట్టమే వద్దంటావా, ఈ కాళ్ళకి బూట్లు ఎవడిచ్చాడు, నీ మేనేజరా అని నిలదీసింది. వద్దని కాదు, దాన్ని మనం పట్టుకోకపోతే వాళ్ళే పట్టుకుని మన మీదే తిప్పుతారు అన్నాడు తాత. అరగంట అరుచుకున్నారు. చెబితే పని పోతుందని కొందరు, చెప్పకపోతే ప్రాణం పోతుందని కొందరు. నాకు రెండూ నిజమే అనిపించి ఇంకా భయం వేసింది.

మూల కూర్చున్న అన్న క్యారియర్ మూత కూడా తియ్యలేదు. చివరికి తలెత్తాడు.

"చెప్పండి. కానీ నా ఒక్కడి పేరు చెప్పి ఊరుకుంటే, నన్ను తీసుకుపోయి మిమ్మల్ని మళ్ళీ అదే గదిలో పెడతారు. మొత్తం చెప్పండి."

ఎవరు చెబుతారని అడిగింది పిన్ని. సతాయించినదాన్ని నేనే కాబట్టి నేనే అన్నాను. 

ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి గోడలకి కొత్త రంగు. ఆయన గంట దగ్గర ఆగి మీట నొక్కాడు. మోగలేదు. పనివాళ్ళెవరో పాడుచేసి ఉంటారని మేనేజరు నసిగాడు. ఎవరని ఆయన మమ్మల్నే అడిగాడు.  పిన్ని నా వీపు మీద చెయ్యి వేసింది.

"తీగ కోసింది మా అన్న సార్. కోయమన్నది మేమందరం. గంట మోగినప్పుడల్లా కూలి కోసి, మా చేత ఆ మాట అనిపించింది ఈయన. మూడూ రాసుకోండి."

ఆయన ఒకటే రాసుకున్నాడు. గంట చెడగొట్టినవాడి మీద కేసుకి నిబంధన ఉందట. కూలి సంగతి తన శాఖ కాదట. చెడ్డవాడిలా లేడు, నా చేతుల్లో లేదమ్మా అని కళ్ళు దించుకున్నాడు కూడా. మొత్తం ఫ్యాక్టరీకి సీలు వేయించి పోలీసుల్ని పిలిపించాడు. మీ నోట్లో మీరే మట్టి కొట్టుకున్నారని మేనేజరు నవ్వాడు.

అన్నని జీపెక్కించారు. అప్పుడు తాత వెళ్ళి ముందు చక్రం దగ్గర చతికిలబడ్డాడు. పక్కన పిన్ని, ఆ పక్కన నేను. తర్వాత రెండువందల మంది, తడి ఆప్రాన్లతో, బూట్లతో, నడిరోడ్డు మీద. గొట్టాలకి సీలు వెయ్యండి, అవి బాగయ్యేదాకా మాకు హాజరు వెయ్యండి, గంట మోగిన పూట కూలి ఇప్పించండి అని అడిగాం. అలాంటి నిబంధన లేదన్నాడు ఇన్‌స్పెక్టరు. లేకపోతే రాయించండి, మేం ఇక్కడే ఉంటాం అన్నాడు తాత.

పోలీసు లాఠీ ఎత్తాడు.   అన్నని దించేదాకా లేవం అంది పిన్ని. ఆమె గొంతు వణికింది. ఆ మాటనే రెండువందల గొంతులు అన్నాయి, అన్నీ వణుకుతూనే. ఎవరూ లేవలేదు. డ్రైవరు ఇంజను ఆపేశాడు.