ముల్లు లేని శుక్రవారం

అట్టపెట్టెల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటక్క ఇరవై రెండేళ్ళుగా ఒక్క మనిషిని కూడా "కూరెలా ఉంది?" అని అడగలేదు. అడిగితే బాగుందనే అంటారు. ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషితో ఇంకేమంటారు? అందుకే ఆవిడ ఎంగిలి బకెట్‌ను అడిగేది. భోజనాలయ్యాక దాన్ని త్రాసు మీద పెట్టి, తూకం సుద్దముక్కతో గోడ మీద రాసేది. నూట నలభై మంది తింటే మామూలు రోజున తొమ్మిది కిలోలు. చేపల కూర వండే శుక్రవారం నాలుగు, అందులోనూ ముళ్ళే ఎక్కువ.

ఆ చేపల దగ్గరే చిక్కొచ్చింది. ఒక గురువారం పెట్టె మూత తీస్తే అన్నీ వేలెడేసి పిల్లలు.

"ఇవేంటి? వీటికింకా బడికెళ్ళే వయసైనా రాలేదు," అంది చేపలతనితో.

"పెద్దవి లేవక్కా. పడవలు మూడ్రోజులు తిరిగినా ఇవే పడుతున్నాయి."

"పెరగనిస్తే పెద్దవవుతాయి కదయ్యా."

"నేనొదిలేస్తే పక్క పడవవాడు పట్టుకుపోతాడు."

వంటక్క పెట్టె వెనక్కి పంపేసింది. ఆ వారానికి గుడ్ల కూరతో సరిపెట్టింది. బకెట్ పదమూడు కిలోలు తూగింది. మేనేజర్ వంటింట్లోకి వచ్చి గోడ మీది అంకెలు చదివాడు.

"మూడు శుక్రవారాలు చూస్తాను. మీ బకెట్ ఐదు కిలోల లోపు రావాలి. లేదంటే ఆ రోజుకి బయటినుంచి భోజనం పొట్లాలు తెప్పిస్తా."

ఒక రోజు పొట్లాలు అలవాటైతే మిగతా ఐదు రోజులూ ఎంతోకాలం నిలవవని ఆవిడకు తెలుసు. ఆవిడ త్రాసే ఆవిడ మెడకు చుట్టుకుంది.

ఆదివారం మరిది వచ్చాడు. అతను పనిచేసే షెడ్డులో గాజు గొట్టాల్లో నీళ్ళు పోసి, కంటికి ఆనని నాచును పెంచుతారు. దాన్ని వడగట్టి, ఆరబెట్టి, పొడి చేస్తారు. ఒక పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"చేప నూనె మంచిదంటారు కదా వదినా, ఆ మంచి చేపకి ఎక్కణ్ణుంచి వచ్చింది? అది తిన్న చిన్న చేపలోంచి. చిన్న చేపకి ఈ నాచులోంచి. మాంసకృత్తులు కూడా దండిగా ఉంటాయి."

"అంటే మధ్యలో చేప దళారీ అన్నమాట."

"అంతే. మనం నేరుగా కొనుక్కుంటున్నాం."

మొదటి శుక్రవారం ఆవిడ చెయ్యి జారింది. కూరలో రెండు గుప్పెళ్ళ పొడి పడాల్సిన చోట పొట్లమంతా పడింది. గిన్నె నిండా పచ్చటి బురద.

లారీలకు సరుకెత్తే ముఠామేస్త్రిని అందరూ పిల్లి బాబాయ్ అంటారు. చేపను తిన్నాక ముల్లును దువ్వెనలా ప్లేటులో పరిచి నలుగురికీ చూపించేవాడు. అతను గిన్నెలో గరిటె తిప్పి చూశాడు.

"అమ్మాయ్, చేపలు పారిపోతూ చెరువును ఇక్కడ వదిలేసి వెళ్ళాయా?"

హాలంతా గొల్లుమంది. బకెట్ ముప్ఫై ఒకటి.

రెండో వారం ఉడికించిన శనగల ముద్దలో పొడిని కొలిచి కలిపింది. మరిది ఈసారి సముద్రపు వాసనుండే రకం తెచ్చాడు. బిళ్ళలు చేసి, వేయించి, పుల్లటి కూరలో వేసింది. ఎవరూ వంక పెట్టలేదు. అయినా బకెట్ నిండుతూనే పోయింది; ఆఖరికి పన్నెండు తూగింది. భోజనాలు సాగుతుండగానే వంటక్క ఇరవై రెండేళ్ళ వ్రతం వదిలేసి, పిల్లి బాబాయ్ బల్ల దగ్గరికే వెళ్ళింది.

"బాలేదా బాబాయ్?"

"బాగానే ఉందమ్మాయ్."

"మరి సగం వదిలేశావేం?"

"ఏమో. నోట్లో పెట్టుకుంటే దిగిపోతోంది. చేప అంటే ముల్లు తియ్యాలి, జుర్రుకోవాలి, పక్కవాడు ముల్లు మింగి దగ్గుతుంటే నవ్వాలి. ఇదేమో డాక్టరు రాసిచ్చిన బిళ్ళలా ఉంది. చేతులకి పనేదీ?"

ఆవిడ హాలు వైపు చూసింది. గంట కొట్టి పన్నెండు నిమిషాలైంది, సగం బల్లలు ఖాళీ. చేపల రోజున ముప్పావుగంటైనా ఎవరూ కదిలేవాళ్ళు కాదు. ఆ లెక్క ఆవిడ ఎప్పుడూ గోడ మీద రాయలేదు.

మూడో గురువారం రెండు బస్తాల మొక్కజొన్న కంకులు దిగాయి. ఒక్కో కంకినీ నిలువునా నాలుగు చీలికలు చేయించింది.

"అక్కా, ఇది వంటా, వడ్రంగమా?" అన్నాడు రెండో వంటవాడు కత్తి నూరుతూ.

"నోరు కాదు, కత్తి ఆడించు."

మర్నాడు చీలికలకు నాచు, శనగల ముద్ద పట్టించి, కరకరలాడేలా వేయించి, కూరలో వేసింది. పైనున్నది కొరికి, గింజలు పళ్ళతో గీరి, గింజల కింది బెండులోకి దిగిన పులుపు జుర్రుకోవాలి. హాల్లో మొదట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు.

మేనేజర్ త్రాసు దగ్గరికి వచ్చాడు. పదకొండు కిలోలు.

"మాటంటే మాటే కదా," అన్నాడు. అతని మూతికి ఇంకా పులుసు అంటుకునే ఉంది.

వంటక్క నేల మీద అట్ట పరిచి బకెట్ బోర్లించింది. బెండులు ఒక పక్కకు తీసింది. మిగిలింది మెతుకులు, రెండు మిరపకాయలు. తూస్తే ఏడువందల గ్రాములు.

"బెండులు కలపరా?"

"ముళ్ళు మీరు తింటారా సార్?"

"చేపల రోజున ముళ్ళు కూడా కలిపే తూచారు మీరు."

అది నిజం. ఇంతలో పిల్లి బాబాయ్ ప్లేటు పట్టుకుని లోపలికొచ్చాడు. నాలుగు బెండులు, ఒక్క గింజ లేకుండా, పెద్దది మొదలు చిన్నదాకా వరసగా పరిచి ఉన్నాయి.

"సార్, ఇది చూడండి. ఇలాంటిది బకెట్లో పడెయ్యడానికి మనసొస్తుందా? అమ్మాయ్, వచ్చేవారం కాస్త పెద్ద సైజు ముల్లుంటే నాకు వెయ్యి."

మేనేజర్ ప్లేటును చూశాడు, తర్వాత గడియారాన్ని. భోజనాల గంట కొట్టి నలభై ఒక్క నిమిషాలైంది. తినడం అయిపోయినా హాల్లోంచి ఇంకా నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి.

"పొట్లాలవాడికి వద్దని చెప్పేస్తాను," అన్నాడు. "వాళ్ళను మాత్రం లేపండి."

"మీరే లేపండి సార్. నాకు గిన్నెలున్నాయి."

అతను వెళ్ళాక ఆవిడ సుద్దముక్క తీసింది. గోడ మీద పదకొండు అని నిజాయితీగా రాసింది. దాని పక్కన, మొదటిసారిగా, ఇంకో అంకె వేసింది: నలభై ఒక్క నిమిషాలు.